లేబుల్ కింద

ఆ అమ్మాయికి 'వాతావరణం' అని పేరు పెట్టింది మేడమే. కావాలని పెట్టింది కాదు. నోటికొచ్చిన మాట అనేసింది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, మధ్యాహ్నం టీ వేళకల్లా అదే పేరై కూర్చుంది.

సోమవారం పొద్దున ల్యాబులో అందరూ పొడుగు బల్ల చుట్టూ కూర్చుని, ఎవరి పని ఎంతవరకూ వచ్చిందో చెప్పుకునే వేళ జరిగిందది. బల్లకి ఆ చివర మేడమ్. ఆవిడ పక్కన పెద్ద శిష్యుడు, ఆవిడ చెయ్యి ఎటు కదిలితే అటు పెన్నో కాయితమో అందించడానికి సిద్ధంగా. ఈ చివర, తలుపు పక్కన, ఎవరు వచ్చినా వెళ్ళినా లేచి దారివ్వాల్సిన కుర్చీలో ఆ అమ్మాయి. ల్యాబులో చేరి ఏడాది కాలేదు.

కణంలో డీఎన్ఏ దెబ్బతింటే కణం దాన్ని ఎలా బాగుచేసుకుంటుంది అన్నదే మేడమ్ చదువూ, ఉద్యోగమూ, పిచ్చీ. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి నెరిసేదాకా అదే పని. ఆ ల్యాబులో జరిగేదంతా చెప్పుకుంటే చాలా తేలికగా ఉంటుంది. మూత ఉన్న పల్చటి ప్లేటులో జెల్లీలాంటి మేత పోసి, దానిమీద సూక్ష్మజీవుల్ని పరిచి, అతినీలలోహిత దీపం కింద కాసేపు ఉంచుతారు. ఆ దీపం వాటి డీఎన్ఏని చిత్తు చేస్తుంది. మామూలు సూక్ష్మజీవి దెబ్బలు బాగుచేసుకుని, వెచ్చటి పెట్టెలో పెడితే మర్నాటికి తెల్లటి చుక్కలుగా పెరుగుతుంది. బాగుచేసే జన్యువును మేడమ్ తీసేసిన రకం మాత్రం చచ్చి ఊరుకోవాలి. అంటే ప్లేటు ఖాళీగా ఉండాలి. ప్రపంచంలో ఎక్కడైనా ఖాళీ కంచం చూస్తే ఏడుపొస్తుందిగానీ, ఈ ల్యాబులో ఖాళీ ప్లేటు చూస్తే పండగ.

పెద్ద శిష్యుడి ప్లేట్లు ఎప్పుడూ ఖాళీయే. ఆ అమ్మాయి ప్లేట్ల నిండా చుక్కలు. పోనీ ఎప్పుడూ చుక్కలే ఉన్నా ఒక దారి. ఒక రోజు నిండుగా, ఒక రోజు నాలుగైదు, ఒక రోజు అసలేమీ లేకుండా.

"చేతి శుభ్రం లేకపోతే ఏదైనా మొలుస్తుంది," అంది మేడమ్.

"గ్లౌజులు మార్చుకుంటూనే ఉన్నా మేడమ్. ఒక్క సంగతి చెప్పాలి." ఆ అమ్మాయి లేచి నిలబడింది. నిలబడక్కర్లేదు, భయంతో నిలబడింది. "ఎండ బాగా కాసిన రోజు ఎక్కువ మొలుస్తున్నాయి. మబ్బుగా ఉన్న రోజు తక్కువ. అది..."

"వాతావరణ వార్తలు నేను ఇంట్లో వింటానమ్మా. ఇక్కడ ఫలితాలు చెప్పు."

గొల్లుమని నవ్వారు అందరూ. పెద్ద శిష్యుడికి టీ ముక్కులోకి పోయి పొలమారింది. మేడమ్ కూడా నవ్వింది. తన మాటకి తనే నవ్వడం ఆవిడకి అలవాటు లేదు, ఆ రోజెందుకో నవ్వొచ్చింది. ఆ అమ్మాయి కూర్చుని, బల్ల అంచుని బొటనవేలితో గీరుతూ ఉండిపోయింది.

సమావేశం అయ్యాక మేడమ్ తన గదికి పిలిపించి, పుల్ల విరిచినట్టు చెప్పేసింది.

"శుక్రవారం కమిటీ కూర్చుంటోంది. నిన్ను కొనసాగించమని నేను చెప్పలేను."

"నేను అబద్ధం చెప్పలేదు మేడమ్."

"అబద్ధమని ఎవరన్నారు? అజాగ్రత్త అన్నాను. అజాగ్రత్త ఉన్నవాళ్ళు చెయ్యడానికి వేరే పనులు బోలెడున్నాయి."

"ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీరు వచ్చి నా పక్కన నిలబడి చూడండి. తర్వాత మీ ఇష్టం."

"ఒక్కొక్కళ్ళ పక్కనా నేనే నిలబడాలంటే ఇక మీరంతా ఎందుకు?"

ఆ అమ్మాయి కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. "సరే మేడమ్," అని తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది. గట్టిగా వేసినా బాగుండేదనిపించింది మేడమ్‌కి.

*

మంగళవారం పొద్దున్నే పెద్ద శిష్యుడి ఫోన్. భార్యకి నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రిలో ఉన్నాడు, ఈ వారం రాలేడు.

"కంగారు పడకు. ముందు అటు చూసుకో," అంది మేడమ్.

"అది కాదు మేడమ్, వ్యాసం సంగతి..."

ఆ సంగతి మేడమ్‌కి గుర్తు లేకపోలేదు. ఏళ్ళ కష్టమంతా కలిపి రాసిన వ్యాసం పత్రికవాళ్ళ దగ్గర ఉంది. అంతా బాగుందిగానీ ఆ ముఖ్యమైన ప్రయోగం మరోసారి చేసి, మంచి ఫోటోలు తీసి పంపమన్నారు.

"వాతావరణం చేత చేయించమంటారా?" అన్నాడు శిష్యుడు. ఆసుపత్రి వరండాలో నిలబడి కూడా హాస్యం మానలేదు.

"నేనే చేసుకుంటాలే."

ఇంట్లో అత్తగారికి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని హాల్లో మహారాణిలా కూర్చుని, కిటికీకి కర్టెన్ లేదని రెండు రోజులుగా సణుగుతోంది.

"డాక్టరు వెలుతురు తగలకూడదన్నాడే తల్లీ. నా కళ్ళెవరిక్కావాలి, నీకు నీ పురుగులుంటే చాలు."

"సాయంత్రం కడతానత్తయ్యా. పురుగులు కాదు, సూక్ష్మజీవులు."

"పేరు మారిస్తే పురుగు కాకుండా పోతుందా?"

మేడమ్ నవ్వుకుంటూనే ల్యాబుకి వచ్చింది. ఏప్రాన్ తొడుక్కుని, గాజులూ గడియారమూ తీసి జేబులో వేసుకుని, బల్ల ముందు నిలబడింది. తన చేత్తో ప్లేటు పట్టి ఎన్నేళ్ళయిందో. కమిటీలూ, ఉపన్యాసాలూ, సంతకాలూ వచ్చి పడ్డాక చేతిపని శిష్యులకి పోయింది. కానీ చెయ్యి మర్చిపోలేదు. వంచిన గాజుకడ్డీని స్పిరిట్‌లో ముంచి, మంటలో చూపించి, నీలిమంట ఆరాక మూత అంచుకి తాటించి చల్లార్చింది. ఎడమచేత్తో ప్లేటు తిప్పుతూ, కుడిచేత్తో కడ్డీని అద్దం తుడిచినట్టు తేలిగ్గా ఆడిస్తూ సూక్ష్మజీవుల్ని పరిచింది. ఒళ్ళంతా హాయిగా అనిపించింది. ఈ పని మానేసి ఇన్నాళ్ళూ ఏం సాధించానా అనుకుంది.

ఈ కాలం పిల్లలు ప్లేటు అడుగున ఒక వారగా సన్నటి మార్కర్‌తో రెండక్షరాలు గీకి ఊరుకుంటారు. మేడమ్ నేర్చుకున్న రోజుల్లో అలా కాదు. వెడల్పాటి కాయితం లేబుల్ అడుగు మధ్యలో అతికించి, రకం పేరూ, తేదీ, చేసినవాళ్ళ పేరూ గుండ్రంగా రాయాలి. లేకపోతే ఆవిడ గురువు ప్లేటు తీసి చెత్తలో వేసేవాడు. సొరుగంతా వెతికి ఆ పాత లేబుళ్ళ చుట్ట పట్టుకుని, ప్లేటుకొకటి అతికించింది.

ఆ అమ్మాయి అవతల బల్ల దగ్గర తన సామాను సర్దుకుంటోంది. సీసాలు కడిగి బోర్లిస్తోంది. మేడమ్ వైపు చూడనట్టే చూస్తోంది.

దీపం గది పని అయ్యాక మేడమ్ ప్లేట్ల ట్రే పట్టుకుని బయటికొచ్చింది. రాత్రంతా వెచ్చగా ఉంచే పెట్టెలు ల్యాబులో రెండు. ఒకటి పాతది, ఉక్కు తలుపున్నది, బీరువాలా ఉంటుంది. దాని నిండా పెద్ద శిష్యుడి ప్లేట్లే. 'ఎవరూ తలుపు తియ్యొద్దు' అని కాయితం కూడా అంటించి పోయాడు. రెండోది చిన్నది, బల్లమీద పెట్టేది, కిటికీ కింద ఉంటుంది. పైన గాజు మూత. వచ్చినవాళ్ళకి మూత తియ్యకుండానే లోపలివి కనబడతాయని మేడమే ముచ్చటపడి కొనిపించింది. పెద్దవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోరు. ఆ అమ్మాయి చేరినప్పుడు ఉక్కు పెట్టెలో చోటు లేదని దీన్ని ఇచ్చారు.

"దాన్లో పెడుతున్నారా మేడమ్?" అంది ఆ అమ్మాయి.

"ఏం? పనిచెయ్యదా?"

"పనిచేస్తుంది." ఇంకేదో అనబోయి ఊరుకుంది. సోమవారం నాడు అన్నదానికి అయిన మర్యాద చాలుననుకుంది కాబోలు.

మేడమ్ ప్లేట్లని బోర్లించి, లేబుళ్ళు పైకి వచ్చేలా వరసగా పేర్చి, గాజు మూత వేసింది. బయట కళ్ళు చెదిరే ఎండ. ఆ ఎండ మూతమీద పడి తళతళలాడింది. ఆవిడకి అది అందంగానే కనబడింది.

*

బుధవారం ల్యాబులోకి వచ్చీ రాగానే మూత తీసింది. ప్లేట్ల నిండా చుక్కలు.

ముందు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి ఏదో చేసింది అనుకుంది. కోపంతో కలిపిందో, కసితో మార్చిందో. మనిషి బుద్ధి చూడండి, చదువెంత చదివినా మొదట పోయేది అటే. గబగబా ఒక ప్లేటు తీసి, ఉతికి ఆరేయడానికి రుజువు దొరుకుతుందేమోనని వెలుతురుకెత్తి పట్టుకుంది.

ప్లేటంతా తెల్లటి చుక్కలు. మధ్యలో మాత్రం ఏమీ లేదు. ఊరికే లేకపోవడం కాదు, తీర్చిదిద్దినట్టు నాలుగు పలకల ఖాళీ. మేడమ్ ప్లేటు తిప్పి అడుగు చూసింది. లేబుల్ ఎంత మేర ఉందో ఖాళీ సరిగ్గా అంతే. మరో ప్లేటు తీసింది. అందులో లేబుల్ వంకరగా అతికించింది. ఖాళీ కూడా వంకరగానే ఉంది.

స్టూలు లాక్కుని కూర్చుంది.

కొన్ని సూక్ష్మజీవుల్లో ఇంకో మరమ్మతు ఉంటుంది. దానికి వెలుతురు కావాలి. వెలుతురు తగిలితే చాలు, అతినీలలోహిత దీపం చేసిన గాయాన్ని అది చక్కబెట్టేస్తుంది. మేడమ్ తీసేసిన జన్యువుతో దానికి పనే లేదు. ఇది గొప్ప రహస్యం కూడా కాదు. ఈ చదువులో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ మొదట్లోనే చదువుతారు. మేడమ్ ఏటేటా బోర్డుమీద బొమ్మ గీసి మరీ చెబుతుంది. అందుకే దీపం కిందనుంచి తీసిన ప్లేట్లని చీకట్లో ఉంచాలి. ఈ ల్యాబులో ఆ చీకటి సంగతి ఉక్కు తలుపు చూసుకునేది. తలుపు చూసుకుంటోంది కాబట్టి 'వెలుతురు తగలనివ్వకు' అని కొత్తవాళ్ళకి చెప్పడం ఎప్పుడో మానేశారు. తర్వాత గాజు మూత వచ్చింది. అందరికీ తెలిసిన సంగతే కదా అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఎండ బాగా కాసిన రోజు ఎక్కువ మొలుస్తున్నాయి. మబ్బుగా ఉన్న రోజు తక్కువ.

ఆ పిల్ల చూసింది. చూసి, లేచి నిలబడి చెప్పింది. తను నవ్వింది. మేడమ్‌కి చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

అప్పుడే ఆ అమ్మాయి లోపలికి వచ్చి, సంచి కుర్చీకి తగిలించి, మిగిలిన సీసాల దగ్గరికి వెళ్ళింది. పిలిస్తే పలికేటంత దూరం. మేడమ్ నోరు తెరిచింది కూడా. మళ్ళీ మూసేసింది. ఒకవేళ ఇది కాకపోతే? లేబుల్ జిగురులో ఏదైనా విషముంటే? ఇంకోసారి లేబుళ్ళు లేకుండా చేసి, సగం ప్లేట్లకి వెండిరంగు రేకు చుట్టి, సగం వదిలేసి చూస్తే తేలిపోతుంది. శాస్త్రం అన్నాక రెండోసారి చూసుకోవద్దూ? ఎంతలే, రేపటికి తెలిసిపోతుంది. శుక్రవారం ఎటూ ఉంది.

అలా తనకి తను నచ్చజెప్పుకుని మళ్ళీ మొదలుపెట్టింది. రేకు కత్తిరిస్తుంటే ఆ అమ్మాయి చేతిలో సీసా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. రేకు చుట్టిన ప్లేట్లనీ, చుట్టనివాటినీ, కిటికీనీ చూసింది. మేడమ్ తల ఎత్తలేదు. ఆ అమ్మాయి కాసేపు ఆగింది. ఒక్క మాట కోసం ఆగిందని మేడమ్‌కి తెలుస్తూనే ఉంది. తర్వాత సీసా బోర్లించి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మేడమ్ కుర్చీ ఎక్కి కర్టెన్ కడుతుంటే అత్తగారు కిందనుంచి అజమాయిషీ చేసింది.

"ఎడమవైపు దిగజారింది చూడు. ఏంటే, మొహం అలా వేలాడేశావు? ఎవరితోనైనా పోట్లాడావా?"

"ఒక పిల్లని అనరాని మాట అన్నానత్తయ్యా. తప్పు తనది కాదు, నాది."

"అయితే ఫోన్ చేసి చెప్పెయ్."

"రేపు చెబుతాను."

"ఎందుకు, ముహూర్తం ఏమైనా చూడాలా?" అంది అత్తగారు నల్లద్దాలు సర్దుకుంటూ. మేడమ్ కర్టెన్ మడతలు సరిచేసింది.

*

గురువారం అనుమానానికి చోటు లేకుండా తేలిపోయింది. రేకు చుట్టిన ప్లేట్లు ఖాళీ. చుట్టనివాటి నిండా చుక్కలు. అంటే పెద్ద శిష్యుడి ఫలితాలూ నిజమే, ఆ అమ్మాయి ఫలితాలూ నిజమే. వ్యాసానికి వచ్చిన ముప్పేమీ లేదు. ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది. మేడమ్ గుండెలమీంచి బరువు దిగింది. సంతోషం కూడా వేసింది. పిల్లకి చెబితే ఎగిరి గంతేస్తుంది అనుకుంది.

పిల్ల రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తన సీసాలన్నీ కడిగి, బల్ల తుడిచి, తాళంచెవి సొరుగులో పెట్టి వెళ్ళిపోయింది.

శుక్రవారం కమిటీ గదిలో ముగ్గురు పెద్దలు. మధ్యలో అధ్యక్షుడు. ఆయనకి అటు ఒక ఆవిడ, ఇటు పక్క భవనంలో మొక్కలమీద పనిచేసే మాస్టారు. పెద్ద శిష్యుడు కూడా వచ్చాడు. ఆడపిల్ల పుట్టింది, కళ్ళు నిద్రలేక ఎర్రబడ్డాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. గోడవారగా కుర్చీలో ఆ అమ్మాయి, ఒళ్ళో సంచి.

"వాతావరణం ముందే వచ్చేసిందే," అన్నాడు శిష్యుడు, అలవాటుకొద్దీ.

మేడమ్ గిరుక్కున తిరిగింది. "ఆ పేరు పెట్టింది నేను. బుద్ధి లేక పెట్టాను. ఇంకెవరి నోటా వినకూడదు."

శిష్యుడి మొహంలో నవ్వు ఆరిపోయింది. గదిలో అందరూ సర్దుకు కూర్చున్నారు. మేడమ్ బుధవారం నాటి ప్లేటు తీసి అధ్యక్షుడి ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. గాజు మూత కొన్నది తను. దాన్ని కిటికీ కింద పెట్టించింది తను. వెలుతురు సంగతి చెప్పనిది తను. ఈ అమ్మాయి ఎండకీ మబ్బుకీ తేడా పట్టుకుని చెబితే వెక్కిరించింది తను. ఒక్క ముక్క మింగలేదు. మధ్యలో ఒకసారి మంచినీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది.

ప్లేటు చేతులు మారింది. "భలే!" అంది కమిటీలో ఆవిడ, ఖాళీ చోటుమీద వేలు ఆడించి. అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. "ఇంకేం, అమ్మాయిని మీరే కొనసాగిస్తారు. శుభం."

మొక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఒక మాట. ఆ అమ్మాయి నిన్న నా దగ్గరికి వచ్చింది. చేర్చుకుంటానని మాటిచ్చాను. తను కూడా సరేనంది."

మేడమ్ కాయితాలు సర్దుకున్నట్టు నటించి, ప్లేటు తీసుకుని ఆ అమ్మాయి వెనకాలే వరండాలోకి నడిచింది.

"ఉండిపో అమ్మా. ఆ పని నీది. వ్యాసంలో నీ పేరు కూడా పెడతాను."

"నిన్న మాటిచ్చేశాను మేడమ్."

"మాస్టారితో నేను మాట్లాడతాను. నేనడిగితే కాదనడు."

"ఆయన కాదనరు. నేనే కాదంటున్నాను." సంచి భుజంమీదికి ఎగదోసుకుంది. "బుధవారమే మీకు తెలిసిపోయింది కదా? రేకు కత్తిరిస్తుంటే చూశాను."

"తెలిసింది. నిజమో కాదో ఇంకోసారి చూసుకుని చెబుదామని..."

"నన్ను తీసెయ్యడానికి ఒక్కసారి కూడా చూడలేదు మేడమ్. ఉంచడానికి మాత్రం రెండోసారి చూడాలనిపించిందా?"

ఏళ్ళ తరబడి ఎంతమందినో ప్రశ్నలడిగి నీళ్ళు నమిలించిన మనిషి, వరండాలో తల దించుకుంది.

"తప్పయింది తల్లీ," అంది మేడమ్. "చాలా పెద్ద తప్పు."

ఈసారి ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "నాకు మీమీద కోపం లేదనను. ఉంది. కానీ గదిలో మీరలా చెబుతారనుకోలేదు." మేడమ్ చేతిలో ఉన్న ప్లేటు వైపు చూసింది. "అది నాకిస్తారా?"

మేడమ్ చెయ్యి తనకి తెలియకుండానే ప్లేటుని గట్టిగా పట్టుకుంది. ఇంకా ఫోటో తియ్యలేదు. గురువారం నాటి ప్లేట్లలో ఖాళీవి ఖాళీగా, నిండువి నిండుగా ఉన్నాయి, రుజువుకి అవి చాలు. కానీ బుధవారం వాటిలో లేబుల్ తిన్నగా పడి, కళ్ళకి కట్టినట్టు చెప్పేది ఇదొక్కటే. వ్యాసం మొదటి పేజీలో పెడితే చూసినవాళ్ళు కుర్చీలోంచి లేస్తారు. మళ్ళీ చేసుకోవచ్చుగానీ, మొదటిసారి దొరికింది ఇదే.

ఇచ్చేసింది.

ఆ అమ్మాయి ప్లేటుని రెండు చేతులా తీసుకుని, వెలుతురుకెత్తి ఒకసారి చూసి, సంచిలో రుమాలు మడతలో పెట్టుకుంది. "వస్తాను మేడమ్," అని మెట్లు దిగి, మధ్యలో ఖాళీ స్థలం దాటి పక్క భవనం వైపు నడిచింది. ఎండ గట్టిగా కాస్తోంది.

మేడమ్ ల్యాబుకి తిరిగొచ్చి, గాజు మూతకి సరిపడా నల్లకాయితం కత్తిరించి నాలుగు వైపులా అంటించింది. పెద్ద శిష్యుడు సాయం రాబోతే వద్దంది. అంటిస్తున్నంతసేపూ ఆవిడకి ఆ ప్లేటే కళ్ళముందు ఆడింది. చుట్టూతా ఎండకి కోలుకుని తెల్లగా పెరిగిన చుక్కలు. మధ్యలో లేబుల్, దానిమీద గుండ్రటి అక్షరాలతో తన పేరు. దాని కింద మాత్రం ఏమీ మొలవలేదు.